కలెక్టరుకి తెలిసిన మాట

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చెప్పులు విప్పి ఇంకా వాకిట్లోనే ఉండగా, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మా చెల్లెలి మనవరాలు ఫోనుకి ఒక ఫోటో పంపింది. అదేదో కాఫీ హోటలట, కుక్కల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళ కోసమే పెట్టారట. ఒక బొచ్చుకుక్క మెడకి ఎర్ర రుమాలు కట్టించుకుని కుర్చీలో కూర్చుని ఉంది, దాని ముందు చిన్న కప్పులో నురగ. మీ రోజుల్లో ఇలాంటివి ఎక్కడున్నాయి అమ్మమ్మా అని కింద రాసి, ఆ కింద ఎప్పటిలాగే బై అని ఒక్క అక్షరం తగిలించింది. కుక్కని పక్కన కూర్చోబెట్టుకుని నురగ తాగించడం ఈ పిల్లలే కనిపెట్టిన విద్య అనుకుంటున్నారు కాబోలునని నాకు నవ్వూ వచ్చింది, కాస్త ఒళ్ళూ మండింది. తీరా చూస్తే ఆ కుక్క కప్పు వంక చూడటం లేదు. పక్కనున్న ఖాళీ కుర్చీ వంక, మనిషి మొహం ఉండాల్సినంత ఎత్తుకి తలెత్తి చూస్తోంది. నేను ఫోను బోర్లా పెట్టేశాను.

నా ఈడువాళ్ళు మీరైతే నవ్వరని ఇది చెప్తున్నాను. మాది ఉంగుటూరు దగ్గర పల్లె. వరి చేల మధ్య పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, ఎటు తిరిగినా ఆకాశం నేలకి ఆనేదాకా కనిపించకపోతే నాకు ఊపిరి సరిగా ఆడదు. అలాంటిదాన్ని ఇరవై రెండో ఏట నూజివీడు అవతల మామిడి తోటల మధ్యనున్న ఒక చిన్న బడికి టీచరుగా వేశారు. ఆ తోటల్లోనే ఏళ్ళ తరబడి కాపలా ఉంటున్న మా పెదనాన్న ఇంట్లో దిగాను. పిల్లల్లేని ఇల్లు, పెదనాన్నా పెద్దమ్మా ఇద్దరే, రెండు గదుల పెంకుటిల్లు, చుట్టూ ముసలి చెట్లు. ఆ చెట్ల కొమ్మలు నేలకి ఆని ఉండేవి, మూడు గంటలకే లోపల పొద్దు వాలినట్టుండేది. కాయ కోసే రోజుల్లో కూలీలూ లారీలూ గడ్డి పరిచిన గంపలూ, తిరునాళ్ళే. కోత అయిపోయిందా, గాలి లేకపోయినా ఎక్కడో ఆకు కదిలేది, కోతకి దొరక్కుండా దాక్కున్న పండొకటి ఏ చెట్టు వెనకో దబ్బున రాలేది, తిరిగి చూస్తే ఏ చెట్టో తెలిసేది కాదు. మొదటి నెలంతా నేను బడి నుంచి ఇంటికి కీర్తనలు గట్టిగా పాడుకుంటూ నడిచానంటే, అది భక్తి కాదని దేవుడికి కూడా తెలుసు.

ఆ ఇంట్లో మూడో మనిషి కలెక్టరు. కలెక్టరు కాయ అంటే మీకు చెప్పక్కర్లేదు, కోలగా ఉండి కొసన ముక్కు వంకర తిరిగే మామిడికాయ. ఈ కుక్కకి చిన్నప్పుడే మూతి అలా కోలగా, కొస కాస్త పక్కకి తిరిగి ఉండటంతో పెదనాన్న ఆ పేరు పెట్టాడు. కలెక్టరు వస్తున్నాడు, దారివ్వండి అని ఆయన తోటలో కేకేస్తే, కొత్తగా వచ్చిన కూలీలు తలగుడ్డలు విప్పి నిలబడిన రోజులున్నాయి. మనుషులందరినీ సమానంగా చిన్నచూపు చూసే కుక్క అది, పెదనాన్నని తప్ప.

సాయంత్రం అయిదయ్యేసరికి పెదనాన్న కండువా దులిపి భుజాన వేసుకుని, గుమ్మం వైపు తిరక్కుండానే వెళ్ళొస్తా అనేవాడు. చెప్పేది పెద్దమ్మకే అయినా ఆ మాట అందుకునేది కలెక్టరు. ఎంత గాఢనిద్రలో ఉన్నా ఆ ఒక్క మాటకి లేచి, ఒళ్ళు విరుచుకుని గేటు దగ్గర నిలబడేది. గొలుసూ లేదు, తాడూ లేదు. కాలవ గట్టు మీద ఇద్దరూ నడిచేవాళ్ళు. గట్టు సన్నం కాబట్టి కుక్క ఎడమవైపు అంచుకి జరిగి, దాదాపు గడ్డిలో నడుస్తూ, నడిమి దారంతా ఆయనకి వదిలి, అడుగడుక్కీ తలెత్తి ఆయన మొహంలోకి చూసేది. మోటారు కొట్టు దగ్గర ఆయన చుట్ట ముట్టించుకునేదాకా ఆగడం, అక్కణ్ణించి తాటిచెట్ల దగ్గర కల్లుపాక, ఆ తరవాత హనుమాన్ జంక్షన్ వెళ్ళే రోడ్డు మీద టీ హోటలు, దీపాల వేళకి మళ్ళీ గేటు. ఇదీ వాళ్ళ షికారు. ఆదివారం ఆరాధనకి తప్పకుండా వెళ్ళే మనిషి సాయంత్రం కల్లుపాకకి ఎందుకు వెళ్తాడని నేను మొహమాటపడుతూ అడిగితే, కలెక్టరు గారి డ్యూటీ అమ్మా, నేను బంట్రోతుని అనేవాడు.

ఆ రెండు చోట్లా కుక్కలకి దక్కిన మర్యాద ఈ హైదరాబాదు హోటల్లో ఉంటుందని నేను నమ్మను. కల్లుపాకలో ప్రతివాడి కుక్కకీ ఒక గుంజ ఉండేది, ఒకదాని గుంజ దగ్గరికి ఇంకోటి వెళ్ళేది కాదు. పాక నడిపే మామ్మ తాటాకు దొప్పలో అడుగు కల్లు నురగ పోసి, పక్కన ఎండుచేప తోక వేసేది. మనుషులు కొట్టుకుంటే ఊరుకునేది గాని కుక్కలు గుర్రుమంటే మాత్రం వాటి యజమానుల్ని బయటికి పంపేసేది. టీ హోటలాయన కలెక్టరు కోసం అంచు పగిలిన సాసరొకటి వేరే ఉంచాడు. దాన్ని ఇంకే కుక్కకీ వాడేవాడు కాదు.

ఒక ఏడు కోత చివరి వారంలో, షికారు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం వడ్డించేలోగా కాసేపు నడుము వాలుస్తానని నులకమంచం మీద పడుకున్న పెదనాన్న ఇక లేవలేదు. ఏ జబ్బూ లేదు, ఒక మూలుగైనా లేదు. పెద్దమ్మ కంచం పట్టుకుని పిలుస్తూనే ఉంది.

మర్నాడు సమాధుల తోటకి తీసుకెళ్ళారు. మనవాళ్ళలో ఆడవాళ్ళం కూడా వెళ్తాం కదా, నేనూ వెళ్ళాను. కలెక్టరు పెట్టె వెనకాలే వచ్చి, మట్టి వేసినంతసేపూ కదలకుండా పడుకుంది. అంతా అయ్యాక ఒక్కొక్కరే మౌనంగా వెనక్కి తిరుగుతున్నారు. చావింటి నుంచీ సమాధుల దగ్గర నుంచీ వచ్చేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదని, చెప్తే మళ్ళీ అలాంటి పని మీదే రావాల్సి వస్తుందని నాకు తెలియక కాదు, నడక వచ్చినప్పటి నుంచీ వింటున్నదే. ఇది మూఢనమ్మకమని ఆదివారం ప్రసంగంలో చెప్పిన పాస్టరుగారు కూడా బైబిలు మూసుకుని కిక్కురుమనకుండానే వెళ్ళిపోయారు. కాని నాకు ఏ ఇంటి నుంచి కదిలినా ఆ ఇంటి పెద్దకి చెప్పి కదలడం అలవాటు. ఏడ్చి ఏడ్చి మొద్దుబారిన బుర్రతో, కొంగు సర్దుకుంటూ, వెళ్ళొస్తాం పెదనాన్నా అన్నాను.

మా మేనత్త నా మోచేయి మీద గిచ్చిన గిచ్చుడు వారం రోజులు నల్లగా ఉంది. నన్ను కుదిపేసింది అది కాదు. ఆ మాట నా నోట్లోంచి వచ్చీరాగానే కలెక్టరు లేచింది. ఒళ్ళు విరుచుకుంది. తోక ఆడిస్తూ దారిలోకి వచ్చి, ఎడమవైపు అంచుకి జరిగి, తన కుడిపక్కన ఎవరూ లేని చోటికి తలెత్తి చూస్తూ ఇంటివైపు నడిచింది.

మర్నాటి నుంచీ సాయంత్రం అయిదింటికి అది గేటు దగ్గర నిలబడి మూలగడం మొదలుపెట్టింది. షికారుకి వెళ్తే గాని ముద్ద ముట్టదు. పెద్దమ్మ లేచే స్థితిలో లేదు, ఇక నేనే బయల్దేరాను. గట్టు మీద కలెక్టరు గడ్డిలోనే నడిచేది. నేను దాని కుడిపక్కకి రాబోతే ఆగి, పళ్ళు కనిపించేలా పెదవి ఎత్తేది. వెనక నడిస్తే ఊరుకునేది. మోటారు కొట్టు దగ్గర చుట్ట ముట్టించుకునేంతసేపు ఆగేది, ఆ తరవాతే కదిలేది. అక్కడ రెండో రోజున నాకు చుట్ట వాసన వచ్చింది. తోటలో ఎవరో కూలివాడు కాలుస్తున్నాడని నాకు నేను చెప్పుకున్నాను, కోత అయిపోయి కూలీలు వెళ్ళిపోయి అప్పటికి రెండు రోజులైందని గుర్తున్నా సరే.

పవిట నిండుగా కప్పుకున్న టీచరమ్మ కుక్క వెనకాల కల్లుపాక ముందుకొచ్చి నిలబడితే అక్కడున్నవాళ్ళు దొప్పలు వెనక్కి దాచుకున్నారు. ఇంకోరోజైతే నవ్వేదాన్నే. టీ హోటల్లో ఆయన నాకొక గ్లాసిచ్చి, బల్ల చివర పెదనాన్న కూర్చునే చోట ఇంకో గ్లాసు పెట్టి, చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "అలవాటులో పెట్టేశానమ్మా" అన్నాడు. మళ్ళీ తియ్యడానికి మాత్రం ఆయనకి చెయ్యి రాలేదు. టీ చల్లారి మీగడ కట్టింది. కలెక్టరు తన సాసరు వదిలేసి ఆ బల్ల చివరకేసి చూస్తూ తోకతో నేల ఊడుస్తోంది. మేం లేచేసరికి ఆ గ్లాసులో మీగడ పగిలి ఒక పక్కకి చేరి ఉంది, ఎవరో ఊదినట్టు. ఈగ పడి ఉంటుంది.

నా సంగతి సరే, పిరికిదాన్ని. ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ గేటు దగ్గర ఉండేది. అప్పటిదాకా మంచం దిగని మనిషి, మొహం కడుక్కుని ఉతికిన చీర కట్టుకుని, లాంతరు వత్తి పెంచి పట్టుకుని నిలబడేది. ఇవాళ ఆలస్యమైందేంటి అని అడిగేది. నన్ను కాదు, నా పక్కన అడుగు దూరంలో ఉన్న గాలిని. లోపల రెండు కంచాలు పెట్టేది, నాకొకటి వడ్డించేది, రెండోదాని ముందు కూర్చునేది, నువ్వెప్పుడు తింటావంటే ఆయన తిన్నాక తింటానే అనేది. తినేది కాదు. పది రోజులు తిరిగేసరికి రవిక భుజాల మీంచి జారిపోతోంది. నూజివీడు నుంచి డాక్టరుగారు వచ్చి బలానికి సీసా ఒకటి రాసిచ్చి, మనసుకి మందు నా దగ్గర లేదమ్మా అని వెళ్ళిపోయారు. పలకరింపుకి వచ్చిన ఆడవాళ్ళు లోగొంతుకతో మాట్లాడుకుంటూ నేను వస్తే ఆపేసేవాళ్ళు. వాళ్ళు ఆపినా నాకు వినిపించేది. సమాధి దగ్గర వస్తామని చెప్పి వచ్చింది పిల్ల, మాట ఊరికే పోతుందా, ఆ ఇంట్లోంచి ఇంకొకరు వెళ్తే గాని తీరదు. పిల్లలకి సైన్సు పాఠం చెప్పే దాన్ని, కుక్కకి ఆ మాట అలవాటు కాబట్టి లేచిందని, దిగులు వల్ల పెద్దమ్మ తినడం లేదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? నా నోటి తొందర వల్ల పెద్దమ్మ చచ్చిపోతోందని రోజూ ఆవిడ ముంజేయి చూసి ఏడ్చేదాన్ని.

చివరికి చెప్పుకున్నది కల్లుపాక మామ్మకి. మొదట్లో సిగ్గుపడి బయటే నిలబడేదాన్ని, వారానికి ఆవిడే నాకొక పీట వేసింది. నా గోడంతా విని, కలెక్టరు దొప్పలో నురగ పోస్తూ, తలెత్తకుండా చెప్పింది.

"వెళ్ళొస్తానంటే ఏంటి టీచరమ్మా, మళ్ళీ వస్తాననేగా? వచ్చేశావు. మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళావా? వెళ్ళలేదు. మరి ఆయన ఎదురు రాడా? మాట నీది, నువ్వే తీర్చుకోవాలి. పెద్దావిణ్ణి కూడా తీసుకెళ్ళు. వచ్చేటప్పుడు మాత్రం నోరు మెదపమాక. వెనక్కి చూడమాక."



మర్నాడు అయిదింటికి పెద్దమ్మని బయల్దేరదీశాను. ఎక్కడికే అని కూడా అడగలేదు, చెప్పులేసుకుంది. గట్టు మీద ముందు కలెక్టరు, వెనక పెద్దమ్మ, ఆ వెనక నేను. తొలకరి పడి గట్టు మెత్తగా ఉంది. కాసేపయ్యాక గమనించాను, పెద్దమ్మ కూడా కుక్క వెనకాలే ఎడమ అంచు గడ్డిలో నడుస్తోంది. అంత సన్నని గట్టు మీద, జారితే కాలవలో పడే చోట, కళ్ళు సరిగా కనిపించని ఆ ముసలి మనిషి నడిమి దారి మొత్తం వదిలేసి, మధ్యమధ్య తల కొంచెం కుడివైపుకి వంచి, ఏదో వింటున్నట్టుగా నడుస్తోంది. ఆ ఖాళీలో అడుగు పెట్టలేక నేనూ గడ్డిలోకే దిగాను. చెప్పులు నిండా బురద.

సమాధుల తోటలో కలెక్టరు సమాధి పక్కన కూర్చుంది. పెద్దమ్మ మట్టి మీద వాన గీసిన గాట్లని అరచేత్తో సరిచేసింది, పక్క దుప్పటి సర్దుతున్నట్టు. మనసులో ఆయనకి చెప్పాల్సింది చెప్పాను, వచ్చాను పెదనాన్నా, వస్తానన్నాను కదా వచ్చాను, మా పెద్దమ్మని మాకు వదిలెయ్యి అని. పొద్దు కుంకుతుండగా లేచి నిలబడ్డాను. కలెక్టరు లేవలేదు. చెవులు నిక్కబొడిచి నా నోటి వంక చూస్తోంది. దానికి మాట కావాలి. ఆ మాట లేకుండా అది ఎన్నడూ కదిలి ఎరగదు. పక్కన చూస్తే పెద్దమ్మ కూడా నా నోటి వంకే చూస్తోంది. మళ్ళీ ఎక్కడ అనేస్తానోనని హడలిపోతోంది పాపం అనుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టి రక్తం వచ్చేదాకా కొరికి పట్టుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని తిప్పేశాను. వెనక నుంచి కుక్క ఒక్కసారి సన్నగా మూలిగింది. పెద్దమ్మ అడుగు తడబడింది. నేను ఆగలేదు. తిరుగుదారిలో గట్టు మీద ఆవిడ నడిమికి వచ్చి నడిచింది. మోటారు కొట్టు దగ్గర తడిమట్టి వాసన తప్ప ఏమీ లేదు.

ఆ పూట ఒక్క కంచమే పెట్టుకుంది. పెరుగన్నం కలుపుకుని, ముద్ద ముద్దా మింగి, కంచం కడిగి బోర్లించింది. కలెక్టరు తెల్లారి పొయ్యి వెలిగించే వేళకి ఒళ్ళంతా మట్టితో వచ్చింది. గేటులోంచి తిన్నగా, నడిమి దారినే వచ్చింది. ఆ తరవాత దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళినా ఎటూ జరగలేదు, ఎవరి మొహంలోకీ తలెత్తి చూడలేదు. టీ హోటలాయన బల్ల చివర బిస్కెట్ల సీసాలు పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉండేది.

పెద్దమ్మ ఆ తరవాత ఇంకా చాలా ఏళ్ళు బతికింది. నాకు బదిలీలయ్యాయి, పెళ్ళయింది, వీలైనప్పుడల్లా వెళ్ళి చూసొచ్చేదాన్ని. చివరి రోజుల్లో ఒకసారి, తల దువ్వుతుంటే, ఆ సాయంత్రం గుర్తుందా అని తనే ఎత్తింది. "నీ నోటి వంకే చూశానే, అంటావేమోనని."

భయపడ్డావు కదా, అందుకే అనలేదు అన్నాను.

"భయమేంటే పిచ్చిదానా. అంటే బాగుండునని. నేను అంటే కుక్క లేవదేమో, నువ్వు అంటేగా లేచింది."

 పోన్లే, నువ్వు మంచికే చేశావు అని గోడవైపు తిరిగి పడుకుంది. ఎందుకు తినలేదో, ఎందుకు ఉతికిన చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడేదో అప్పటికి గాని నాకు తలకెక్కలేదు. ఆవిడ చావడం లేదు, కాపురం చేసుకుంటోంది. నేను నాలుక కొరుక్కుని దాన్ని తెంచాను. ఆవిడ పోయినప్పుడు కూడా, ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్న ఆ చోటు నుంచి అందరితో పాటు నోరు మూసుకునే వచ్చాను. ధైర్యం చాల్లేదు.

ఇప్పుడు ఆ తోటలో సగం కొట్టేసి ఆయిల్ పామ్ వేశారు, మిగతా సగానికి రాళ్ళు పాతి ప్లాట్లన్నారు. కల్లుపాక లేదు, కాలవ గట్టు తారురోడ్డయింది, ఎడమవైపు జరగడానికి గడ్డి కూడా లేదు. పోయినవాటికి నాకంత బెంగ లేదు, మామిడిచెట్లంటే నాకు మొదటి నుంచీ భయమే. బెంగల్లా మాట గురించి. గడప దాటే ప్రతి మనిషీ రావడాన్ని వెళ్ళడంలోనే మూటగట్టి చెప్పి వెళ్ళేవాడు. ఆ మాట విని గేటు దగ్గర లేచి నిలబడేవాళ్ళు ఉండేవాళ్ళు.

ఆ ఆదివారం సాయంత్రం మనవరాలికి నేనే ఫోను చేశాను. ఫోటో బాగుందని చెప్పి, ఆ కుక్క పక్కన ఎవరు కూర్చున్నారే అని అడిగితే, ఎవరూ లేరు అమ్మమ్మా, ఎందుకు అంది. ఊరికే అడిగానని చెప్పి, ఇంకో సంగతి కూడా చెప్పాను. రేపెప్పుడో నేను పోయి, నన్ను సాగనంపడానికి వచ్చినప్పుడు సమాధి దగ్గర అందరూ ఏమీ చెప్పకుండా తిరిగి వెళ్ళిపోతారు, పెద్దవాళ్ళు నిన్ను గిచ్చినా సరే, నువ్వు మాత్రం వెళ్ళొస్తా అమ్మమ్మా అని పైకి చెప్పి వెళ్ళు అన్నాను. నాకిలాంటి మాటలు నచ్చవని కాసేపు విసుక్కుని, సరేలే, అలాగే అంటాలే అని నవ్వి, బై అని పెట్టేసింది.